పొద్దుటి షిఫ్టు, పచ్చి యాసిడ్

తొట్టి గది తలుపు పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. ఎడమవైపు పొద్దుటి షిఫ్టు, కుడివైపు సాయంత్రం షిఫ్టు. ఆ పూట తయారైన రేకు ఎంత కరెంటు దాచుకోగలదో కొలిచి, ఆ అంకెను సుద్దముక్కతో అక్కడ రాసేవారు. పొద్దున్నే ఫ్యాక్టరీకి వచ్చినవాళ్ళందరూ ముందు హాజరు వేయించుకుంటారు. నికెల్ అనే ఆయన మాత్రం ముందు బోర్డు దగ్గరికి వెళ్ళేవాడు. తన అంకె ఆయనకు తెలుసు, నిన్న రాస్తున్నప్పుడు పక్కనే నిలబడి చూసిందే. చూడవలసింది కుడివైపుది. అది తన అంకె కంటే పెద్దదైతే ఆ పూట టీ చేదుగా ఉండేది. చాలాకాలం టీ చేదుగానే ఉంది.

కుడివైపు అంకె ఆయన తోడల్లుడిది.

నికెల్ అన్నది ఆయనకు ఫ్యాక్టరీ పెట్టిన పేరు. అంతకుముందు సగం జీవితం ఒక ఇరుకు వీధిలో, పూతలు వేసే దుకాణంలో గడిపాడు. సైకిలు హాండిళ్ళు, కుళాయిలు, తలుపు గొళ్ళేలు, ఏది తెచ్చినా నికెల్ పూత వేసి ఇచ్చేవాడు. ఆ పనిలో పరువంతా మెరుపులో ఉంటుంది. ఆయన పూత వేసిన కుళాయిలో చూసుకుని మీసం కత్తిరించుకోవచ్చని వీధిలో అనేవారు. తర్వాత కుళాయిలూ హాండిళ్ళూ దూరప్రాంతం నుంచి మెరుస్తూనే దిగడం మొదలుపెట్టాయి. దుకాణం మూతపడింది. తొట్టితో, యాసిడ్‌తో, కరెంటుతో కాపురం చేసినవాడు గదా అని రేకుల ఫ్యాక్టరీవాళ్ళు పిలిచి పని ఇచ్చారు.

అక్కడ పని తలకిందులుగా ఉంది. పూత దుకాణంలో కరెంటు లోహాన్ని మోసుకొచ్చి వస్తువుకు అంటిస్తుంది. ఇక్కడ అదే కరెంటు యాసిడ్ చేత లోహాన్ని తినిపిస్తుంది. కాగితంలాంటి అల్యూమినియం రేకు పెద్ద చుట్ట నుంచి విప్పుకుంటూ, రోలర్ల మీదుగా వేడి యాసిడ్ తొట్టిలోకి దిగుతుంది. లోపల అటూ ఇటూ నల్లని పలకలు. కరెంటు వదలగానే యాసిడ్ ఆ రేకు ఒంట్లోకి కంటికి కనబడని బొరియలు తవ్వుకుంటూ పోతుంది, పుట్టలో చెదలు తవ్వినట్టు. రేకు అవతలి గట్టున తేలి, కడిగించుకుని, ఆరి, మళ్ళీ చుట్టకు చేరుతుంది. పొడవూ వెడల్పూ ఏమీ మారవు. కానీ ఆ బొరియల గోడలన్నీ విప్పి పరిస్తే చేతిరుమాలంత ముక్క ఒక గది నేలను కప్పేస్తుంది. ఎంత చోటుంటే అంత కరెంటు దాచుకుంటుంది. ఆ రేకునే చిన్న డబ్బాలో చుట్టి పెడితే రేడియోల్లో, టీవీల్లో ఉండే కెపాసిటర్ అవుతుంది.

అందుకని ఇక్కడ మెరిసేది పనికిరాదు. మంచి రేకు బూడిదరంగులో, మసకగా, వేలితో రాస్తే పిల్లి నాలుకలా గరుగ్గా ఉంటుంది. ఎక్కడైనా తళుక్కుమంటే అక్కడ యాసిడ్ పట్టలేదన్నమాట. చేతి జిడ్డో, తలనూనె చుక్కో తగిలి ఉంటుంది. దాన్ని గుడ్డి మచ్చ అంటారు. చేరిన కొత్తలో ఆయన చుట్టలో అరచేయంత తళుకు చూసి మురిసిపోయి, దాన్ని కత్తిరించి మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇది మాత్రం చక్కగా కుదిరిందండీ అన్నాడట. క్యాంటీనులో ఆ కథ ఇప్పటికీ చెలామణీలో ఉంది. నికెల్ అన్న పేరు ఆ రోజు అతుక్కున్నదే. పూతంటే ఊడుతుంది, పేరు ఊడదు.

పని మాత్రం నేర్చాడు. తలకు నూనె మానేశాడు. రేకు ముట్టుకునే ముందు మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కునేవాడు. యాసిడ్ క్యాన్లు మోసి మోసి ఆయన ప్యాంట్లకు తొడల దగ్గర చిల్లులు. క్యాను బయట కారిన చుక్క ఎవరూ తుడవరు, అది మోసేవాడి బట్టను తినేస్తుంది. భార్య ఆ చిల్లులకు మాసికలు వేస్తూ, ఫ్యాక్టరీలో రేకుకు తవ్వేది చాలక ఇంటికి కూడా తెస్తున్నారని అనేది. కొన్నేళ్ళకు తొట్టి గదిలో ఆయన మాటే మాట అయింది. గుడ్డి మచ్చ పారుతున్న రేకు మీద ఉన్నా, చుట్టలోకి పోకముందే పట్టేసేవాడు. అలాంటి కన్ను అది. ఎదుటివాడి కంచంలో ఏం పడిందో చూడటానికీ ఆ కన్నే పనికొచ్చింది, అది వేరే సంగతి.

తోడల్లుడు ఎలా వచ్చాడంటే, నికెల్ తీసుకొచ్చాడు కాబట్టి వచ్చాడు. భార్య చెల్లెలి మొగుడు. రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు ఉండేది. పాడైతే పారేసి కొత్తది కొనుక్కునే రోజులు వచ్చాక కొట్టుకు తాళం పడింది. భార్య పోరు పడలేక నికెలే మేనేజరుతో మాట్లాడి చేర్పించాడు. ఫ్యాక్టరీ ఆయనకు రేడియో అని పేరు పెట్టింది. నేనే చేర్పించానన్న మాట నికెల్ మరవలేదు, ఎవరినీ మరవనివ్వలేదు.

అంతకుముందు ఇంకో పాత పనివాడూ నికెలూ వారానికొకరు చొప్పున పూటలు మార్చుకునేవారు. పాతాయన రిటైరయ్యాడు. రేడియో రాగానే నికెల్ ఆ పద్ధతి మార్పించాడు. పొద్దుటి షిఫ్టు పెద్దవాళ్ళదనీ, సాయంత్రం షిఫ్టు కుర్రకుంకలదనీ తేల్చి, పొద్దుటిది శాశ్వతంగా తన పేర రాయించుకున్నాడు. కుర్రకుంకకు అప్పటికే సగం తల నెరిసింది. అయినా, మీరెలా అంటే అలాగే అన్నయ్యా అన్నాడు.

మొదటి నెలల్లో కుడివైపు అంకె చిన్నదిగానే ఉండేది. అప్పట్లో నికెల్‌కు తోడల్లుడంటే ప్రేమ. భుజం మీద చెయ్యి వేసి, తొట్టి అంటే చంటిపిల్ల లాంటిది, దాని ఏడుపు దానికుంటుంది అని పాఠాలు చెప్పేవాడు. రేడియో శ్రద్ధగా వినేవాడు. తర్వాత ఒక పొద్దున కుడివైపు అంకె ఎడమవైపు దాన్ని దాటింది. మర్నాడూ దాటింది. ఆ తర్వాత వెనక్కి రాలేదు. నికెల్ కూడా మళ్ళీ భుజం మీద చెయ్యి వేయలేదు.

ఆదివారాల్లో ఇద్దరు అల్లుళ్ళూ భార్యలతో అత్తగారింట్లో భోంచేసేవారు. పెద్దల్లుడు గుమ్మంలోకి రాగానే అత్తగారు తడిచేతులు తుడుచుకుని, రండి అల్లుడుగారూ, కూర్చోండి, అని కుర్చీ చూపించేది. చిన్నల్లుడు వస్తే, వచ్చావా నాన్నా, ఆ వంటింట్లో బల్బు మళ్ళీ మినుకుమినుకుమంటోంది చూడు, అనేది. పెళ్ళైన కొత్తలో నికెల్ ఆ తేడాకు గర్వపడ్డాడు. మర్యాద తనది, చాకిరీ వాడిది అనుకున్నాడు. అంకెలు తిరగబడ్డాక ఆ 'గారు' కూడా అడ్డం తిరిగింది. ఇన్నేళ్ళూ ఆ రెండక్షరాలు తనను ముందుగదిలో కుర్చీలోనే కూర్చోబెట్టాయనీ, వాడు మాత్రం బల్బు వంకన వంటింటిదాకా వెళ్ళిపోయాడనీ ఆయనకు తోచింది. అక్కడినుంచి నవ్వులు వినబడేవి. బల్బు మార్చడంలో అంత నవ్వేముంటుందో అర్థమయ్యేది కాదు.

అలాంటి ఒక ఆదివారం కొత్త తొట్టి సంగతి వచ్చింది. పక్క షెడ్డులో ఇంకా పెద్ద లైను పెడుతున్నారు. దానికొక పెద్ద ఉంటాడు, ఆయనకు అద్దాల గది ఉంటుంది. బోర్డు చూసి మనిషిని ఎంచుకుంటానని మేనేజరు అన్నాడు. నికెల్ ఆ అద్దాల గదిని అప్పటికే చూసి వచ్చాడు. అద్దాలకు ఇంకా కాగితాలు అంటించి ఉన్నాయి, లోపల కుర్చీ కూడా లేదు. అయినా అందులో తాను కూర్చున్నట్టు, వచ్చేపోయేవాళ్ళు తలవంచి పలకరిస్తున్నట్టు నాలుగు వైపులనుంచీ కనబడింది. ఈ వయసులో ఇంకో మెట్టు రాదు. వస్తే ఇదే.

అత్తగారికి ఆ ఊహలేవీ తెలియవు. "మా చిన్నవాడిదేనటగా పెద్ద అంకె," అంది కూర వడ్డిస్తూ. ఆ మాట ఎవరు చేరవేశారో నికెల్‌కు ఇట్టే తెలిసిపోయింది. మరదలు కంచంలోకి చూసుకుంటోంది.

రేడియో తల అడ్డంగా ఊపాడు. "నాదేముంది అత్తయ్యా. అన్నయ్య పొద్దున్నించీ వండిపెట్టి వెళ్తారు. నేనొచ్చి తింటాను."

అందరూ నవ్వారు. నికెల్ కూడా పళ్ళు కనబడేట్టు పెదాలు తెరిచాడు. ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు భార్యను అడిగాడు, వాడన్న మాట విన్నావా అని.

"సరదాకన్నాడండీ."

"సరదా ఎవరి మీద?"

"ఎవరి మీదైతే మీకేం? ఆ కళ్ళకు కూడా కాస్త పూత వేయించుకోండి. ప్రతిదీ గుచ్చుకుంటోంది మీకు," అంది ఆవిడ.

ఆయన తోడల్లుడి మాటనే తిప్పి తిప్పి చూసుకుంటూ నడిచాడు. వంట తనదీ తిండి వాడిదీ అంటే ఏమిటి? నీ కష్టం నాకు ఫలహారం అనేగా? నలుగురిలో అంత ధైర్యంగా అన్నాడంటే లోపల ఏదో కిటుకు దొరికి ఉండాలి. ఆ కిటుకు ఏమిటన్నది ఆయన్ను పట్టుకుంది. షిఫ్టు దిగాక కూడా చెప్పులు వెతుక్కునే నెపంతో ఆగి, రేడియో ఏం చేస్తున్నాడో చూసేవాడు. రేడియో ఏమీ చేసేవాడు కాదు. చేతులు కడుక్కుని, తొట్టిలోకి ఒకసారి తొంగిచూసి, స్టూలు లాక్కుని కూర్చునేవాడు. ఏమీ చేయకుండా అంకె తెచ్చుకునేవాణ్ణి చూస్తే, చచ్చి చెడి తెచ్చుకునేవాణ్ణి చూసినదానికంటే ఎక్కువ మండుతుంది. చివరికి నికెల్ ఒక నిర్ధారణకు వచ్చాడు. తాను వెళ్ళిపోయాక వాడు కరెంటు పెంచుతున్నాడు. రేడియోవాడు కదా, గుండీ తిప్పడం తప్ప ఏం తెలుసు?

మర్నాడు పొద్దున ఆయన కరెంటు పెంచాడు.

రేకు బయటికి వస్తుంటే ఆయన వంగి చూశాడు. అంత మసక, అంత మెత్తన ఎన్నడూ చూడలేదు. మఖమలు గుడ్డలా ఉంది. చుట్ట పూర్తవగానే చివరి ముక్క కత్తిరించుకుని తానే స్వయంగా కొలతల బల్ల దగ్గరికి పట్టుకెళ్ళాడు.

ఆ బల్ల దగ్గర ఉండే అమ్మాయిని మీటరమ్మ అనేవారు. రసాయన శాస్త్రం చదువుకుంది, మాట తక్కువ. ముక్కను అటూ ఇటూ మడిచింది. మంచి రేకు కొన్ని మడతలకు ఓర్చుకుంటుంది. ఇది మొదటి మడతకే ఎండుటాకులా పుటుక్కుమంది. ఆమె వేళ్ళకు బూడిద అంటింది. ఇంకో ముక్క జాగ్రత్తగా తగిలించి మీటరు చూసింది. పోయినవారం అంకె కంటే తక్కువ.

నికెల్ మీటరు పాడైందేమో చూడమన్నాడు.

"మీటరు బానే ఉంది నికెల్ గారూ. కరెంటెంత పెట్టారు?"

ఆయన చెప్పాడు. ఆమె చేతులు దులుపుకుని, నెమ్మదిగా విప్పి చెప్పింది. బొరియకూ బొరియకూ మధ్య గోడ ఉన్నంతసేపే లెక్క. గోడకు రెండు వైపులా చోటుంటుంది. మరీ తవ్వితే గోడలే కూలిపోతాయి. పది గదుల ఇల్లు ఒక్క పెద్ద పాడుబడ్డ చావడి అయిపోయినట్టు. చూడటానికి విశాలంగానే ఉంటుంది, కానీ సామాను ఆనించడానికి గోడేది?

ఆ చుట్ట మొత్తం తుక్కులోకి పోయింది. నికెల్ ముఖం చూసి ఆమెకు జాలి వేసినట్టుంది. ఊరడించబోయి ఒక మాట చెప్పింది. చెప్పకుండా ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"మీ చేతిలో లోపం లేదండీ. పొద్దున మీ తొట్టి పచ్చిగా ఉంటుంది. కొత్త యాసిడ్ పోసేది మీరే కదా? కాస్త లోహం కరిగి కలిసేదాకా అది కుదురుగా తినదు, గీరుతుంది. మధ్యాహ్నానికి పండుతుంది. అప్పటికి మీ పూట అయిపోతుంది. మీరు పండించిన తొట్టి ఆయన కోసుకుంటున్నారు, అంతే."

సంగతి నిజమే. రేకు కరిగే కొద్దీ తొట్టిలో నీళ్ళు చిక్కబడతాయి కాబట్టి, రోజూ కొంత పాతది తీసి కొత్త యాసిడ్ పోయాలి. స్టోరు తాళం పొద్దున్నే తీస్తారు కాబట్టి క్యాన్లు పొద్దున్నే వస్తాయి. రాగానే పోయడం అలవాటు. పాతాయన ఉన్నప్పుడు వారంవారం పూటలు మారేవి గనక ఆ తేడా ఇద్దరికీ సమంగా పడి ఎవరికీ కనబడలేదు. పొద్దుటి షిఫ్టు పెద్దవాళ్ళదని పట్టుబట్టి శాశ్వతంగా రాయించుకున్నది నికెల్. పచ్చి తొట్టిని తనకూ, పండిన తొట్టిని తోడల్లుడికీ పంచిపెట్టింది కూడా తానే. రేడియో అత్తగారింట్లో అన్నది వేళాకోళం కాదు, ఉన్నమాట. వాడికి ముందే తెలుసు.

ఇంకొకడైతే నవ్వుకుని, మళ్ళీ వారంవారం మార్చుకుందామని ఉండేవాడు. నికెల్‌కు నవ్వు రాలేదు. ఇన్నాళ్ళూ తన చెమటే కుడివైపున వాడి పేరుతో రాస్తూ వచ్చారన్న ఊహ పుట్టింది. అంతకంటే ఇంకోటి బాధించింది. వాడు ఆ మాట నలుగురిలో చెప్పేశాడు. దొంగగా అయినా దొరకలేదు.

మర్నాటి నుంచి క్యాన్లు ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చాయి. నికెల్ వాటిని గోడవారగా పెట్టించాడు. నిన్నటి తొట్టి పండి ఉంది. దానిమీదే పూటంతా నడిపించాడు. షిఫ్టు దిగబోయే ముందు పాతనీళ్ళు తీసి, కొత్త యాసిడ్ పోసి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళాడు. ఇందులో తప్పేమీ లేదు. ఏ వేళకు పోయాలో ఎక్కడా రాసిలేదు.

బోర్డు మీద రెండు అంకెలూ చోట్లు మార్చుకున్నాయి. టీ తియ్యనైంది. ఇంట్లో గిన్నె మీద వేళ్ళతో దరువు వేస్తుంటే భార్య వింతగా చూసింది. చెల్లెలి మొగుడు అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతున్నాడట, అంది. నికెల్ ఆ రోజు మారు వడ్డించుకున్నాడు.

మీటరమ్మకు రెండో రోజుకే అర్థమైంది. యాసిడ్ ఇప్పుడు ఎప్పుడు పోస్తున్నారని నికెల్‌ను అడిగింది. వీలైనప్పుడు అన్నాడు. ఆమె మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. రెండు పూటలూ కలిపి చూస్తే సరుకు తగ్గిందా అని ఆయన అడిగాడు. లేదు, అంతే ఉందంది. మరి నన్నేం చేయమంటావమ్మా అన్నాడు. ఆమె బల్ల దగ్గరికి తిరిగివచ్చింది. ఆ తర్వాత నికెల్ అంకె రాసేటప్పుడు ఆమె సుద్దముక్కను ఆయనకే ఇచ్చి, మీరే రాసుకోండి అనేది. ఆయన రాసుకునేవాడు. పెద్దగా రాసేవాడు.

ఒక మధ్యాహ్నం రేడియో ఎప్పటికంటే ముందు వచ్చాడు. నికెల్ అప్పుడే క్యాను ఎత్తి తొట్టి అంచున ఆనించి ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు, తోడల్లుడు గుమ్మంలో ఉన్నాడు. దించడానికి లేదు, దాచడానికి లేదు. యాసిడ్ కారుతూనే ఉంది. రేడియో చేతి తొడుగులు వేసుకుని వచ్చి క్యాను అడుగు పట్టుకున్నాడు.

"మూతి ఇటు తిప్పండన్నయ్యా. మీ కాలిమీద పడుతుంది."

ఇద్దరూ కలిసి మిగతావి కూడా పోశారు. నికెల్ గేటు దాటేదాకా వెనక్కి చూడలేదు. వాడు ఒక్క తిట్టు తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్టాల్సిన చోట తిట్టకుండా, తన కాలిని కాపాడి పంపాడు. పైగా తనకంటే వాడి చెయ్యే స్థిరంగా ఉంది. ఆ సంగతి కూడా దారిపొడుగునా గుర్తొచ్చింది.

నెల తిరిగేసరికి మేనేజరు బోర్డు చూశాడు. కొత్త తొట్టి నికెల్‌కు ఇచ్చాడు. పాత తొట్టి రెండు పూటలూ రేడియో కింద పెట్టి, సాయంత్రానికి మరో మనిషిని వేశాడు.

ఆ ఆదివారం అత్తగారు పెద్దల్లుడికి ముందు వడ్డించింది. అద్దాల గది ఎలా ఉంటుందని అడిగింది. రేడియో తానే అందుకుని, అన్నయ్యకు కాక ఇంకెవరికిస్తారు అత్తయ్యా అని, పూత దుకాణం నాటి నుంచీ మొదలుపెట్టి తోడల్లుడి గొప్పలు చెప్పుకొచ్చాడు. అన్నీ నిజాలే. నికెల్‌కు ముద్ద దిగలేదు. తన గొప్ప కూడా వాడి నోట వింటేనే అందరికీ రుచిగా ఉన్నట్టుంది. భోజనాలయ్యాక అత్తగారు, నాన్నా ఆ బల్బు, అంది. రేడియో లేచి లోపలికి వెళ్ళాడు. మళ్ళీ నవ్వులు.

దారిలో భార్య నాలుగడుగులు ముందే నడిచింది. ఇంటి తాళం తీస్తూ చెప్పింది. "యాసిడ్ సంగతి చెల్లెలు చెప్పింది. పైకి చెప్పెయ్యమని అది పోరితే, అన్నయ్య ఇన్నాళ్ళూ పచ్చి తొట్టితో వేగారు, కొన్నాళ్ళు నేను వేగితే ఏం పోయింది, అన్నాడట." తలుపు తోసి లోపలికి వెళ్ళిపోయింది. లైటు వేయలేదు.

కొత్త తొట్టి నడిపే రోజు వచ్చింది. అద్దాలకు కాగితాలు తీసేశారు, కుర్చీ వేశారు. నికెల్ కాసేపు అందులో కూర్చున్నాడు. సరుకు కొనేవాళ్ళు మధ్యాహ్నం చూడటానికి వస్తారని మేనేజరు చెప్పి వెళ్ళాడు. తొట్టి నిండా కొత్త యాసిడ్, కన్యలా తేటగా ఉంది. లైను కదిలింది. మొదటి గజాలు బయటికొస్తుండగానే ఆయన కన్ను పట్టేసింది. రేకు నిండా పొడలు. ఒకచోట గీరినట్టు, ఒకచోట అసలు తిననట్టు. ఎక్కడ చూసినా మెరుపు. పూత దుకాణం తిరిగి వచ్చినట్టుంది.

లైను ఆపించి మీటరమ్మను పిలిపించాడు. ఆమె తొట్టిలోకి చూసింది, ఆయన వంక చూడలేదు. "ఇది పూర్తిగా పచ్చిది. పాత తొట్టి నీళ్ళు కలపాలి, పాలలో కాస్త పెరుగు వేసినట్టు. అవి ఆయన దగ్గరే ఉంటాయి," అంది.

ఆ నీళ్ళు ఎవరు అడిగి తేవాలో ఆమె చెప్పలేదు. కూలీని పంపవచ్చు. నికెల్ ఒకణ్ణి పిలిచాడు కూడా. పిలిచి, ఏమని చెప్పి పంపాలో తోచక, వెళ్ళి వేరే పని చూసుకోమన్నాడు. రేడియో ఇవ్వనని ఉంటే ఎంత బాగుండునని అనుకుంటూ షెడ్డు చుట్టూ నడిచాడు. ఇవ్వనంటే మేనేజరుకు చెప్పవచ్చు. ఇవ్వకపోతే వాడూ తనలాంటివాడే. ఆ ఒక్క తృప్తికి అద్దాల గది ఇచ్చేయమన్నా ఆ క్షణంలో ఇచ్చేసేవాడేమో.

పాత తొట్టి నెమ్మదిగా నడుస్తోంది. పక్కన స్టూలు మీద రేడియో కూర్చుని టీ తాగుతున్నాడు. లేచాడు.

"ఏం కావాలన్నయ్యా?"

నికెల్ గోడవారగా చూశాడు. మూతలు బిగించిన క్యాన్లు వరసగా ఉన్నాయి, లోపల పాతనీళ్ళ లేత ఆకుపచ్చ రంగు బయటికే తెలుస్తోంది. పొద్దున్నే తీసి పెట్టి ఉంటాడు. అన్నీ సిద్ధం చేసుకుని కూడా ఏం కావాలని అడుగుతున్నాడు. అడిగితేగాని కదలడు. నికెల్‌కు గుండెలో ఎక్కడో చల్లగా తగిలింది. ఉంది, వీడిలోనూ ఉంది.

"నీళ్ళు కావాలి," అన్నాడు. ఇంకో రెండు మాటలు కూడా రావలసి ఉంది. వాటికి బదులు క్యాన్లు లెక్కపెట్టాడు.

రేడియో ఒక్క క్షణం ఆయన్ను చూశాడు. టీ గ్లాసు కింద పెట్టాడు. "మీరు రెండు పట్టుకోండి. మిగతావి నేను తోయుడుబండి మీద పంపిస్తాను."

నికెల్ రెండు చేతులా రెండు క్యాన్లు పట్టుకుని వెనక్కి నడిచాడు. బరువుకు అడుగడుక్కీ తొడలకు తగులుతున్నాయి. నాచేత అడిగించుకున్నాడు, ఇంటికెళ్ళి ఆవిడతో ముందు ఈ సంగతే చెప్పాలి, అనుకున్నాడు. మీ మరిది మరీ అంత దేవుడేం కాదని చెప్పాలి.

కొత్త షెడ్డు గుమ్మంలో క్యాన్లు దించి, అలవాటు కొద్దీ తొడల దగ్గర ప్యాంటు తడిమి చూసుకున్నాడు. తడి లేదు. క్యాన్ల మీద వేలు రాసి చూశాడు. మూతి దగ్గరనుంచి అడుగుదాకా కడిగి, పొడిగుడ్డతో తుడిచి ఉన్నాయి. పిడి సందుల్లో కూడా చుక్క లేదు. ఇన్నేళ్ళలో ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎవరికీ అలా ఇచ్చింది లేదు.

మూత తీసి పోశాడు. మధ్యాహ్నానికి రేకు బూడిదరంగుకు తిరిగింది. చూడవచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళారు. ఖాళీ క్యాన్లు అద్దాల గది బయటే ఉండిపోయాయి. నికెల్ కుర్చీలో కూర్చుని వాటివంకే చూశాడు. తన తొట్టి నీళ్ళు వాడు వచ్చి అడిగి ఉంటే, తానూ ఇచ్చేవాడే. తిప్పించుకుని, నాలుగు మాటలని, చివరికి ఇచ్చేవాడే. కానీ క్యాను తుడిచి ఇచ్చేవాడు కాదు.